ఆర్‌ఎక్స్‌జేఎస్ సమీక్ష: సంఘటనల దగ్గర పదును, విలువల దగ్గర మొద్దు

సెర్చ్ బాక్సులో అక్షరాలు టైప్ చేస్తుండగానే దాని కింద సూచనలు కనిపించడం చూడటానికి చిన్న పనే. ఏ లైబ్రరీ సాయమూ లేకుండా దాన్ని జావాస్క్రిప్టులో రాయడానికి కూర్చున్నవారికే అందులోని మెలికలు తెలుస్తాయి. ప్రతి అక్షరానికీ సర్వర్‌ను అడగకూడదు కనుక ఒక టైమర్ కావాలి. ఒక అక్షరం చేర్చి వెంటనే చెరిపేసి మళ్లీ మొదటి పదం దగ్గరికే వచ్చిన వాడుకరి కోసం అదే ప్రశ్నను రెండోసారి పంపకూడదు కనుక, క్రితంసారి పంపిన పదాన్ని గుర్తుంచుకోవాలి. ముందు పంపిన రిక్వెస్టుకు జవాబు ఆలస్యమై, తర్వాత పంపినదాని జవాబు ముందే వచ్చేస్తే, పాత ఫలితాలు వచ్చి కొత్తవాటిని తుడిచేస్తాయి కనుక ప్రతి రిక్వెస్టుకూ ఒక వరుస సంఖ్య ఇచ్చి సరిచూసుకోవాలి. వాడుకరి ఆ పేజీ వదిలి వెళ్లినప్పుడు టైమర్‌ను ఆపి, ఈవెంట్ లిజనర్‌ను తీసేసి, దారిలో ఉన్న రిక్వెస్టును రద్దు చేయాలి. ఇవన్నీ కలిపితే నలభై యాభై వరుసల కోడ్ అవుతుంది. ఆ వరుసల్లో సగం చలరాశులు ఒకదాని తోక ఒకటి పట్టుకుని తిరుగుతుంటాయి.

సంఘటనలను ప్రవాహాలుగా పట్టుకునే జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఆర్‌ఎక్స్‌జేఎస్‌లో ఇదే పని నాలుగైదు ఆపరేటర్ల గొలుసు, అంటే ప్రవాహాన్ని ఒక్కో మెట్టులో మార్చే ఫంక్షన్ల వరుస. ఇన్‌పుట్ ఈవెంట్లను ఒక అబ్జర్వబుల్‌గా, అంటే కాలంలో ఒక్కొక్కటిగా విలువలు వచ్చే ప్రవాహంగా తీసుకుని, మ్యాప్‌తో అందులోంచి పదాన్ని తీసి, డిబౌన్స్‌టైమ్‌తో మూడు వందల మిల్లీసెకన్ల నిశ్శబ్దం కోసం ఆగి, డిస్టింక్ట్‌అంటిల్‌చేంజ్‌డ్‌తో పునరుక్తిని వదిలేసి, స్విచ్‌మ్యాప్‌తో సర్వర్‌ను అడిగితే సరిపోతుంది. కొత్త పదం రాగానే పాత రిక్వెస్టును విడిచిపెట్టే బాధ్యత స్విచ్‌మ్యాప్‌దే. లైబ్రరీతో పాటు వచ్చే అజాక్స్ లేదా ఫ్రమ్‌ఫెచ్ ద్వారా అడిగి ఉంటే ఆ రిక్వెస్ట్ బ్రౌజర్ స్థాయిలోనే రద్దవుతుంది. ప్రవాహాన్ని వినడం మొదలుపెట్టడం సబ్‌స్క్రైబ్ అయితే, చివరన వినడం మానేసే అన్‌సబ్‌స్క్రైబ్ అన్న ఒక్క పిలుపుతో గొలుసంతా మొదలంటా సర్దుకుంటుంది. అయితే డిబౌన్స్‌టైమ్ ముందు, స్విచ్‌మ్యాప్ వెనుక ఉన్నందువల్ల, వాడుకరి పెట్టెను ఖాళీ చేసిన తర్వాతి మూడు వందల మిల్లీసెకన్లలో పాత జవాబు వచ్చి తెరమీద మెరిసే సందు ఒకటి మిగులుతుంది. చాలా ఉదాహరణ పాఠాలు ఈ సందును గమనించవు. పెట్టె ఖాళీ అయిందన్న వార్తను నిరీక్షణ లేకుండా నేరుగా లోపలికి పంపే మరో చిన్న పాయ చేర్చుకోవాలి.

కొన్నేళ్లుగా వేర్వేరు ప్రాజెక్టులలో ఈ లైబ్రరీతో వెబ్ తెరలు కట్టినవాడిగా నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. కాలంలో అప్పుడప్పుడు జరిగే సంఘటనలను పట్టి, వడగట్టి, వరుసపెట్టి, అక్కర్లేనివాటిని రద్దు చేయడంలో దీనికి సాటివచ్చే సాధనం నాకు జావాస్క్రిప్ట్ లోకంలో కనిపించలేదు. కానీ తెర మీద ఎప్పుడూ ఏదో ఒక విలువతో ఉండవలసిన స్థితిని, అంటే మనం స్టేట్ అని పిలుచుకునేదాన్ని, మొత్తంగా దీని చేతిలో పెట్టినప్పుడల్లా చేతులు కాల్చుకున్నాను. ఈ తేడా లైబ్రరీ రాసినవారి అజాగ్రత్త వల్ల వచ్చినది కాదు, దాని పుట్టుకలోనే ఉంది.

ఫంక్షనల్ రియాక్టివ్ ప్రోగ్రామింగ్ అన్న ఆలోచనను కోనల్ ఎలియట్, పాల్ హుడాక్ 1997లో ఫ్రాన్ అనే యానిమేషన్ వ్యవస్థను వివరించే పత్రంలో ప్రతిపాదించారు. అందులో రెండు మూల భావనలు ఉన్నాయి. మొదటిది బిహేవియర్. అది కాలంతో పాటు ఎడతెగకుండా మారే విలువ, ఏ క్షణంలో అడిగినా దానికి జవాబు ఉంటుంది. రెండోది ఈవెంట్. అది కొన్ని క్షణాల్లో మాత్రమే జరిగే సంఘటన, మిగతా కాలమంతా దానికి విలువ అంటూ ఉండదు. మౌస్ ఎక్కడ ఉందన్నది బిహేవియర్ అయితే, మౌస్ నొక్కడం ఈవెంట్. ఆర్‌ఎక్స్‌జేఎస్‌కు మూలమైన రియాక్టివ్ ఎక్స్‌టెన్షన్స్, మైక్రోసాఫ్ట్‌లో ఎరిక్ మేయర్ బృందం రూపొందించినది, మరో దారి నుంచి వచ్చింది. ఒక జాబితాలోని అంశాలను మనం ఒక్కొక్కటిగా లాక్కునే ఇటరేటర్‌ను తిరగేస్తే, అంశాలే మన దగ్గరికి వచ్చిపడే అబ్జర్వబుల్ అవుతుందన్నది ఆ బృందం పట్టుకున్న సూత్రం. ఈ వారసత్వంలో ఈవెంట్ ఉంది, బిహేవియర్ లేదు. అందుకే రియాక్టివ్ ఎక్స్‌టెన్షన్స్ అధికారిక పరిచయ పుటలోనే, దీన్ని ఫంక్షనల్ రియాక్టివ్ ప్రోగ్రామింగ్ అనడం సరికాదని, అది ఎడతెగక మారే విలువలకు సంబంధించినదైతే తమది విడివిడిగా వెలువడే విలువలకు సంబంధించినదని రాసుకున్నారు. ఉద్యోగ ప్రకటనల్లోనూ శిక్షణ పాఠాల్లోనూ ఈ రెండు పేర్లనూ కలిపేసి వాడటం మాత్రం ఆగలేదు.

ఇక దీని పదును సంగతి. ఒక సంఘటన మరో పనిని పుట్టించినప్పుడు, ఆ పని పూర్తికాకముందే రెండో సంఘటన వస్తే ఏం చేయాలి అన్న ప్రశ్న ప్రతి తెర వెనుకా ఉంటుంది. మామూలు కోడ్‌లో ఈ ప్రశ్నను ఎవరూ అడగరు. జవాబు యాదృచ్ఛికంగా తేలిపోతుంది, ఆ తేలిన తీరే తర్వాత బగ్‌గా నమోదవుతుంది. ఆర్‌ఎక్స్‌జేఎస్ ఆ ప్రశ్నకు నాలుగు జవాబులను నాలుగు పేర్లతో ఎదుట పెట్టి, ఒకదాన్ని ఎంచుకోక తప్పని పరిస్థితి కల్పిస్తుంది. స్విచ్‌మ్యాప్ పాతదాన్ని వదిలి కొత్తదాన్ని పట్టుకుంటుంది, వెతకడానికి అది సరి. ఎగ్జాస్ట్‌మ్యాప్ పాతది ముగిసేదాకా కొత్తవాటిని చెవిన పెట్టదు, లాగిన్ బటన్‌ను ఆత్రంగా మూడుసార్లు నొక్కేవారికి అది సరి. కాన్‌క్యాట్‌మ్యాప్ వాటిని వరుసలో నిలబెట్టి ఒకటి అయ్యాకే మరొకటి చేస్తుంది, రాసినది రాసినట్టు దానంతటదే భద్రమయ్యే ఎడిటర్‌కు అది సరి. మెర్జ్‌మ్యాప్ అన్నింటినీ ఒకేసారి నడిపిస్తుంది, ఒకేసారి ఎన్ని అన్న పరిమితిని కూడా స్వీకరిస్తుంది. పది ఫైళ్లను మూడేసి చొప్పున అప్‌లోడ్ చేయాలంటే ఆ ఒక్క అంకె చాలు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పాఠాలన్నీ స్విచ్‌మ్యాప్‌తోనే మొదలవుతాయి కనుక కొత్తవారు దాన్ని అన్నిచోట్లా వాడేస్తారు. భద్రపరిచే బటన్ వెనుక స్విచ్‌మ్యాప్ పెడితే రెండో నొక్కుతో మొదటి రిక్వెస్ట్ రద్దవుతుంది. కానీ రద్దు చేసింది బ్రౌజర్ మాత్రమే. సర్వర్ దాన్ని అప్పటికే అందుకుని డేటాబేసులో రాసి ఉండవచ్చు. ఫలితంగా రాత రెండుసార్లు జరుగుతుంది, మన కోడ్‌కు ఒక జవాబే అందుతుంది. నేను ఒకసారి ఈ పొరపాటు చేసి, ఒకే ఫారం రెండు నమోదులుగా ఎందుకు మారుతోందో కనిపెట్టడానికి రెండు రోజులు వెచ్చించాను. తప్పు లైబ్రరీది కాదు, ఎంపిక నాదే. చదివి వదిలేసే పనులకు స్విచ్‌మ్యాప్, రాసే పనులకు మిగతా మూడింట్లో ఒకటి అన్న నియమాన్ని అప్పటినుంచి కోడ్ రివ్యూలో కచ్చితంగా పాటిస్తున్నాను.

లాగి వదిలే పని కూడా ఇందులో చక్కగా ఒదుగుతుంది. వేలు ఆనినప్పుడు మొదలై, కదిలినంతసేపూ స్థానాలను అందిస్తూ, వేలు ఎత్తగానే టేక్‌అంటిల్ ద్వారా ఆగిపోయే గొలుసు, ఆ పనిని మాటల్లో చెప్పినట్టే ఉంటుంది. లాగుతున్నామా లేదా అని చెప్పే జెండా చలరాశి ఎక్కడా అవసరం పడదు.

ఇప్పుడు మొద్దు వైపు చూద్దాం. ఆర్‌ఎక్స్‌జేఎస్‌లో స్థితిని ఉంచడానికి వాడే బిహేవియర్‌సబ్జెక్ట్ అన్న పేరు పాత బిహేవియర్‌ను గుర్తుచేస్తుంది, తొలి విలువ ఇవ్వందే పుట్టదు, ఇప్పుడు నీ విలువ ఎంత అని అడిగితే జవాబిస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. దాన్ని ఒక్కసారి మ్యాప్ గుండా పంపగానే చేతికొచ్చేది మామూలు అబ్జర్వబుల్. దానికి ప్రస్తుత విలువ అన్న భావనే ఉండదు, అడగడానికి దారీ ఉండదు. అంటే విలువ నుంచి పుట్టిన విలువ ఇక విలువగా మిగలదు. జావాస్క్రిప్టుకు టైపులు చేర్చే టైప్‌స్క్రిప్ట్‌లోనూ ఈ భేదం కనిపించదు. ఈ అబ్జర్వబుల్ సబ్‌స్క్రైబ్ చేసిన వెంటనే ఏదో ఒకటి ఇస్తుందా, పది నిమిషాల తర్వాత ఇస్తుందా, ఎప్పటికీ ఇవ్వదా అన్నది దాన్ని రాసినవారికే తెలియాలి. పలు అబ్జర్వబుల్స్ తాజా విలువలను కలిపి ఇచ్చే కంబైన్‌లేటెస్ట్‌కు ఐదు అబ్జర్వబుల్స్ ఇచ్చినప్పుడు అందులో ఒక్కటి మౌనంగా ఉన్నా తెర ఖాళీగానే ఉంటుంది. కన్సోల్‌లో ఎర్రర్ కూడా రాదు. ఆ మౌనవ్రతం ఎవరిదో వెతుక్కోవడం మన వంతు.

దీనికంటే లోతైన చిక్కు మరొకటి ఉంది. తెర మీద ఒక జాబితా, అందులో వాడుకరి ఎంచుకున్న వరుస అనుకుందాం. ఎంపిక జాబితా పొడవును దాటకూడదు కనుక, జాబితా మారినప్పుడల్లా ఎంపికను లోపలికి జరిపే మరో అబ్జర్వబుల్‌ను జాబితా నుంచే పుట్టిస్తాం. ఈ రెండింటినీ కంబైన్‌లేటెస్ట్‌తో కలిపి, ఎంచుకున్న వరుసలోని పేరును చూపిస్తాం. మొదట పది వరుసలున్నాయి, వాడుకరి పదోదాన్ని ఎంచుకున్నాడు. ఫిల్టర్ పెట్టగానే జాబితా మూడు వరుసలకు తగ్గింది. కొత్త జాబితా కంబైన్‌లేటెస్ట్‌కు ముందు చేరుతుంది. ఎంపికను సరిచేసే పాయకు అదే జాబితా ఆ తర్వాతే చేరుతుంది. ఈ రెంటి మధ్య, మూడు వరుసల జాబితా, పదో వరుస ఎంపిక అన్న జంట ఒకటి బయటికి వస్తుంది. ఇది వాడుకరి ఎన్నడూ కోరనిది, ప్రోగ్రాం తర్కం ప్రకారం సాధ్యమే కానిది. లేని పదో వరుసలో పేరు కోసం వెతికిన కోడ్ ఎర్రర్ విసురుతుంది. అబ్జర్వబుల్ నియమం ప్రకారం ఎర్రర్ వచ్చాక ఆ ప్రవాహం అక్కడితో ముగిసిపోతుంది. ఒక్క క్షణం తర్వాత మూడు వరుసలు, మూడో వరుస ఎంపిక అన్న సరైన జంట సిద్ధమైనా, దాన్ని అందుకోవడానికి ఎవరూ మిగిలి ఉండరు. వాడుకరి తర్వాత ఎన్ని ఫిల్టర్లు మార్చినా ఆ పేరు మళ్లీ మారదు.

ఈ అర్ధక్షణపు అసత్యాన్ని ఈ రంగంలో గ్లిచ్ అంటారు. ఒకే మూలం నుంచి రెండు పాయలుగా చీలి మళ్లీ ఒకచోట కలిసే ప్రతి ఆకారంలోనూ ఇది పొంచి ఉంటుంది. అసలైన ఫంక్షనల్ రియాక్టివ్ ప్రోగ్రామింగ్ సంప్రదాయంలో పుట్టిన హాస్కెల్ భాషలోని రిఫ్లెక్స్, సోడియం వంటి లైబ్రరీలు ఒక సంఘటన తాలూకు మార్పులన్నింటినీ ఒకే క్షణంలో జరిగినట్టుగా లెక్కగట్టి ఈ మధ్యస్థితిని బయటికి రానివ్వవు. స్కాలా భాషలో తెరలు కట్టే లామినార్ వెనుక ఉన్న ఎయిర్‌స్ట్రీమ్ సైతం ఈ జాగ్రత్త తీసుకుంటుంది. ఆర్‌ఎక్స్‌జేఎస్ తీసుకోదు. ఒక అబ్జర్వబుల్‌కు తన చుట్టూ ఉన్న అల్లిక ఏమిటో తెలియదు కనుక అది తీసుకోలేదు కూడా. కంబైన్‌లేటెస్ట్ తర్వాత సున్నా మిల్లీసెకన్ల డిబౌన్స్‌టైమ్ పెట్టండి అన్న చిట్కా తరచుగా వినిపిస్తుంది. అది గ్లిచ్‌ను కప్పిపెడుతుంది, ఒప్పుకుంటాను. దానితో పాటు అప్పటికప్పుడు జరగవలసిన లెక్కను తర్వాతి వంతుకు నెట్టి, టెస్టులన్నింటిలోనూ కాలాన్ని జరిపే పనిని మన నెత్తిన పెడుతుంది. ఒక అబద్ధాన్ని దాచడానికి మరో ఆలస్యం ఆడే ఈ పద్ధతిని నేను మానేశాను. అలాంటిచోట జాబితానూ ఎంపికనూ ఒకే స్థితి వస్తువులో ఉంచి, పాత స్థితి నుంచి కొత్త స్థితిని కట్టే స్కాన్ ఆపరేటర్‌తో రెండింటినీ ఒకేసారి మారుస్తున్నాను.

ఎర్రర్ వస్తే ప్రవాహం ముగుస్తుందన్న నియమం సెర్చ్ బాక్సుకు కూడా వర్తిస్తుంది. ఎర్రర్‌ను పట్టుకునే క్యాచ్‌ఎర్రర్‌ను గొలుసు చివర పెట్టినవారి సెర్చ్ బాక్స్, సర్వర్ ఒక్కసారి తడబడగానే శాశ్వతంగా మూగబోతుంది. ఆ ఆపరేటర్‌ను స్విచ్‌మ్యాప్ లోపల, ఒక్కొక్క రిక్వెస్టు మీద పెట్టాలి. సిద్ధాంతపరంగా ఇది సబబే, తెలియనివారికి మాత్రం ఉచ్చు.

అబ్జర్వబుల్ స్వతహాగా సోమరి. సబ్‌స్క్రైబ్ చేసేదాకా ఏ పనీ చేయదు, సబ్‌స్క్రైబ్ చేసిన ప్రతిసారీ మొదటినుంచి చేస్తుంది. ఒకే అబ్జర్వబుల్‌ను తెరలో రెండుచోట్ల చూపిస్తే సర్వర్‌కు రెండు రిక్వెస్టులు వెళ్లడానికి కారణం ఇదే. దీనికి విరుగుడుగా చాలామంది, ఒకే ప్రవాహాన్ని అందరికీ పంచి చివరి విలువలను గుర్తుంచుకునే షేర్‌రీప్లేకు, ఒకటి అన్న అంకె ఇచ్చి ఊరుకుంటారు. అలా రాస్తే, చూసేవారంతా వెళ్లిపోయినా మూల ప్రవాహం దానంతటది ముగిసేదాకా ఆ బంధం తెగదు. మూలం ఒక్క జవాబిచ్చి ముగిసే రిక్వెస్టయితే నష్టం లేదు. అది ప్రతి సెకనుకూ మోగే టైమరో, తెరిచి ఉంచిన వెబ్‌సాకెట్టో అయితే మెమరీ లీక్ ఖాయం. చూసేవారు ఎవరూ మిగలనప్పుడు బంధం తెంపే రెఫ్‌కౌంట్ అన్న ఐచ్ఛికాన్ని ట్రూ చేసి ఇవ్వాలి. ఇంత ముఖ్యమైనది ఐచ్ఛికంగా ఎందుకు మిగిలిందో పాత కోడ్ విరగకూడదన్న జాగ్రత్తతో తప్ప నాకు మరోలా అర్థం కాలేదు.

నేర్చుకోవడానికి పట్టే కాలం ఎక్కువే. ఆపరేటర్లు వంద దాకా ఉన్నా రోజువారీ పనికి పదిహేను చాలు, ఆ పదిహేను ఏవో చెప్పేవారు పక్కన ఉంటే సగం కష్టం తీరుతుంది. ఆరో వెర్షన్ నాటికి స్థిరపడిన, ఆపరేటర్లను విడివిడిగా తెచ్చుకుని గొలుసుగా కూర్చే పైప్ పద్ధతి వల్ల వాడని ఆపరేటర్లు తుది ఫైలులో చేరవు కనుక పరిమాణం గురించి బెంగ అక్కర్లేదు. 2021లో వచ్చిన ఏడో వెర్షన్ టైపులను మెరుగుపరిచి, అబ్జర్వబుల్‌ను, ఒకే జవాబిచ్చే ప్రామిస్‌గా మార్చే పాత పద్ధతిని పక్కనపెట్టి, మొదటి విలువ కావాలా చివరిది కావాలా అని స్పష్టంగా అడిగే రెండు ఫంక్షన్లను ఇచ్చింది.

టెస్టుల విషయంలో మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. కాలంతో ముడిపడిన కోడ్‌ను పరీక్షించడం ఎక్కడైనా తలనొప్పే. లైబ్రరీతో వచ్చే టెస్ట్‌షెడ్యూలర్ నిజమైన గడియారాన్ని పక్కనపెట్టి, ఊహా కాలంలో ప్రవాహాలను నడిపిస్తుంది. ప్రవాహాన్ని అక్షరాలు, గుర్తుల వరుసగా రాస్తాం. రన్ పద్ధతిలో ఒక్కొక్క అడ్డగీత ఒక మిల్లీసెకను, అక్షరం అంటే ఒక విలువ, నిలువుగీత అంటే ముగింపు, హ్యాష్ గుర్తు అంటే ఎర్రర్. మూడు వందల మిల్లీసెకన్ల నిరీక్షణను కళ్లు మూసి తెరిచేలోగా పరీక్షించవచ్చు. పాత జవాబు ఆలస్యంగా వచ్చే సందర్భాన్ని, నెట్‌వర్క్ దయాదాక్షిణ్యాల కోసం ఎదురుచూడకుండా, రెండు వరుసల గీతల్లో గీసి చూపవచ్చు. పైన చెప్పిన ఖాళీ పెట్టె సందును నేను పట్టుకున్నది ఇలా గీస్తున్నప్పుడే.

డీబగ్గింగ్ అందుకు పూర్తి విరుద్ధం. ఎర్రర్ వచ్చినప్పుడు కనిపించే స్టాక్ ట్రేస్ నిండా లైబ్రరీ లోపలి ఫంక్షన్లే ఉంటాయి, మనం రాసిన వరుస ఎక్కడో అడుగున ఉంటుంది, ఒక్కోసారి ఉండనే ఉండదు. ఆపరేటర్ల మధ్య, విలువలను మార్చకుండా తొంగిచూడనిచ్చే ట్యాప్ పెట్టి విలువలను ముద్రించి చూసుకోవడమే ఇప్పటికీ నా ప్రధాన ఆయుధం.

తెరనంతటినీ ప్రవాహాలుగానే రాయాలన్న పట్టుదలతో వచ్చిన ఫ్రేమ్‌వర్కులు కూడా ఉన్నాయి. ఆండ్రే స్టాల్ట్జ్ రూపొందించిన సైకిల్‌జేఎస్‌లో ప్రోగ్రాం అంతా ప్రవాహాలను తీసుకుని ప్రవాహాలను తిరిగిచ్చే ఒక్క ఫంక్షన్, ఆలోచనగా అంత అందమైనది అరుదు. ఆ పట్టుదలను వదులుకున్నవారి కథ మరింత ఆలోచింపజేస్తుంది. ఎవాన్ చాప్లిట్‌స్కీ 2012లో ఎల్మ్ భాషను ఫంక్షనల్ రియాక్టివ్ ప్రోగ్రామింగ్ పునాది మీదే మొదలుపెట్టి, 2016లో విడుదల చేసిన 0.17 వెర్షన్‌లో సిగ్నల్స్‌ను, అంటే కాలంతో మారే విలువలను పూర్తిగా తీసేశారు. స్థితి ఒకటి, దాన్ని మార్చే ఫంక్షన్ ఒకటి, దాన్ని చూపే ఫంక్షన్ ఒకటి ఉంటే చాలునని, నేర్చుకునేవారికి అడ్డుపడుతున్నవి ఆ సిగ్నల్సేనని ఆయన తేల్చారు. నేను స్కాన్‌తో చేసుకుంటున్నది కూడా రూపం మార్చుకున్న అదే ఏర్పాటు.

ప్రస్తుతం నేను పనిచేస్తున్నది వెబ్ తెరలు కట్టే ఫ్రేమ్‌వర్క్ యాంగ్యులర్‌లో. అది మొదటినుంచీ సర్వర్ జవాబులను అబ్జర్వబుల్స్‌గానే అందిస్తోంది కనుక అక్కడ ఆర్‌ఎక్స్‌జేఎస్‌ను తప్పించుకునే వీలు ఉండేది కాదు. 2023లో వచ్చిన పదహారో వెర్షన్ నుంచి సిగ్నల్స్ చేరాయి. వీటికి పేరు ఎల్మ్ వదిలేసినదే అయినా స్వభావం వేరు. ఇవి ఎప్పుడూ విలువతో ఉంటాయి, వీటి నుంచి లెక్కగట్టిన విలువకూ ప్రస్తుత విలువ ఉంటుంది, చీలి కలిసే పాయల దగ్గర గ్లిచ్ రాదు. జాబితా, ఎంపిక, ఫిల్టర్ వంటివన్నింటినీ నేను సిగ్నల్స్‌కు మార్చేశాను. వెతకడం, లాగడం, దానంతటదే భద్రం కావడం, వెబ్‌సాకెట్ తెగితే మళ్లీ కలపడం వంటివి ఆర్‌ఎక్స్‌జేఎస్‌లోనే ఉంచాను. ఈ రెండు లోకాల సరిహద్దులో టుసిగ్నల్ అనే ఫంక్షన్ కాపలా ఉంటుంది. దానికి ఒక అబ్జర్వబుల్‌ను ఇచ్చి సిగ్నల్ అడిగితే, తిరిగి వచ్చే టైపులో మనం కోరిన విలువతో పాటు అన్‌డిఫైన్డ్, అంటే ఇంకా విలువ లేదన్న గుర్తు కూడా చేరి ఉంటుంది. తొలి విలువ ఏమిటో మనం చెప్పాలి, లేదా ఈ ప్రవాహం వెంటనే ఒక విలువ ఇస్తుందని హామీ పడాలి, హామీ తప్పితే అక్కడికక్కడే ఎర్రర్ వస్తుంది. పాత కోడ్‌ను మారుస్తున్నప్పుడు కంపైలర్ ఇలా ఎర్రగీత గీసిన ప్రతిచోటా, జవాబు ఇంకా రానప్పుడు తెర మీద ఏం కనిపించాలన్నది మేము ఎన్నడూ నిర్ణయించుకోలేదని తేలింది. మొదటి వారంలోనే అలాంటి చోట్లు పదకొండు బయటపడ్డాయి.